అత్తగారి నోరు

మామగారి పటాన్ని బావమరిది ఇంటి హాల్లో తగిలించిన రోజున చుట్టాలంతా ఒకటే మాట అన్నారు. అచ్చం ఆయనేనట, పిలిస్తే పలికేలా ఉన్నాడట. నిజానికి పటంలో ఉన్న ఆ మనిషిని పిలిస్తే పలికేది ఎవరో చెప్పడం కష్టం. పాత ఫోటో చూసి దాన్ని గీసిన చిత్రకారుడికి మామగారి ముఖంకన్నా ఆయన కోటు మీద శ్రద్ధ ఎక్కువలా ఉంది. బొత్తాలు ఒక్కొక్కటీ తళతళలాడిపోతున్నాయి. చెవులు మాత్రం, ఒకటి వినడానికీ ఒకటి అలంకారానికీ అన్నట్టు, ఎగుడుదిగుడుగా కూర్చున్నాయి.

ఇంతమంది ఇన్ని ముఖప్రీతి మాటలు చెబుతుంటే ఊరుకోలేనివాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఆయన ఆ ఇంటి అల్లుడు. వృత్తి కట్టుడు పళ్ళు చేయడం, అందుకే ఇంటా బయటా ఆయన్ని పళ్ళాయన అంటారు. పళ్ళ డాక్టర్లు చిగుళ్ళ అచ్చులు తీసి పంపిస్తే, ఆ కొలతకి మైనంలో పళ్ళు పేర్చి, సెట్టు తయారుచేసి తిరిగి పంపుతాడు. ఊళ్ళో సగం మంది పెద్దమనుషులు ఆయన చేసిన నవ్వే నవ్వుతున్నారు. బోర్డుల మీద డాక్టర్ల పేర్లుంటాయి. ఈయన పేరు ఎవరి నోట్లోనూ ఉండదు, పని మాత్రం ఉంటుంది. ముఖాల గురించి తనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఆయనకి గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆయన ఎన్నడూ సాక్ష్యం అడిగిన పాపాన పోలేదు.

ఆయన పటం దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, అందరికీ వినబడేలా తన అభిప్రాయం చెప్పాడు. ఆ దవడ మామయ్యగారిది కాదు, అలాంటి దవడతో ఏ మనిషీ జన్మలో ఒక్క ముద్ద కూడా నమలలేడు, అని. అత్తగారు ఎప్పటిలాగే పెదవి విప్పలేదు. బావమరిది మాత్రం విప్పాడు.

"అయితే ఆ పని మీరే చేయాల్సింది బావగారూ. పళ్ళు చెక్కే చేతికి కుంచె ఒక లెక్కా?"

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది పళ్ళాయన భార్య. ఇంటికి వెళ్ళే దారి పొడుగునా ఆయన ఆ నవ్వునే నెమరు వేసుకున్నాడు. వేసవి దాటేలోగా అందరి నోళ్ళూ మూయించే బొమ్మ ఒకటి గీసి పారేస్తానని ఇంటి తలుపు తీస్తూ ప్రకటించాడు. భార్య ముందు తాళం తీయమంది.

చిత్రకళ నేర్పే మేడమ్ టైర్ల దుకాణం మేడ మీద ఉండేది. ఒక జీవితకాలం పాటు కోర్టు హాళ్ళలో పెట్టే న్యాయమూర్తుల పటాలు గీసిన మనిషి. వాళ్ళ సావాసం వల్ల కాబోలు, ఆవిడ నోటి నుంచి ఏ మాట వచ్చినా తీర్పులాగే వచ్చేది, దాని మీద అప్పీలు ఉండేది కాదు. పళ్ళాయనతో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురు నేర్చుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన చర్మవ్యాధుల డాక్టరు. ఆయన ముందు మచ్చలు గీసి, తర్వాత వాటి చుట్టూ ముఖం గీసేవాడు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ గీసేది తక్కువ, ఆత్మను పట్టుకోవడం గురించి మాట్లాడేది ఎక్కువ. ఆత్మ దొరికినా ముక్కు మాత్రం ఆవిడకి ఎప్పుడూ దొరకలేదు.

పళ్ళాయన మొదటి రోజే రంగుల పెట్టె, రకరకాల కుంచెలు, ఒక పెద్ద కాన్వాసు మోసుకుని మెట్లెక్కాడు. మేడమ్ వాటన్నిటినీ బీరువాలో పెట్టించి, చేతికి ఒక బొగ్గుపుల్ల ఇచ్చింది. ఎదురుగా ముక్కు విరిగిన ప్లాస్టరు తలను పెట్టింది. దాన్ని గీయమంది. ఆయన గీశాడు. ఆవిడ చెరిపింది. ఇదే తంతు ఆ వేసవంతా సాగింది. అందరి నోళ్ళూ మూయించే బొమ్మకి పెట్టిన గడువు కాస్తా ఒక సగం ముక్కు దగ్గరే దాటిపోయింది.

ఆయన గీసిన ప్రతి తలకీ మూతి కాస్త ముందుకు పొడుచుకొచ్చేది. నోట్లో ఏం పెట్టుకున్నాడు ఈ మనిషి, అని మేడమ్ అడిగేది. పెదవుల వెనక పళ్ళుంటాయి కదా, ఆ ఎత్తు చూపించొద్దా, అని పళ్ళాయన తన శాస్త్రం చెప్పబోయేవాడు.

"నీకు తెలిసింది గీయకు, కనిపించింది గీయి. కళ్ళు సగం మూసి చూడు. ముక్కూ నోరూ అని పేర్లు పెట్టకు. వెలుగు ఎక్కడ ఆగిపోయింది, నీడ ఎక్కడ మొదలైంది, అంతే."

పళ్ళాయన ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించాడు, అదీ బస్సులో. ఎదురు సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడను కళ్ళు సగం మూసి, తల ఒక పక్కకి వాల్చి, చాలాసేపు చూశాడు. ఆవిడ కండక్టరును పిలిచింది. మీ చెంప ఎముక కింద నీడ చూస్తున్నానండీ, అని ఆయన వినయంగానే మనవి చేసుకున్నాడు. ఆ వినయాన్ని ఆలకించిన కండక్టరు తర్వాతి స్టాపులోనే ఆయన్ని సగౌరవంగా దించేశాడు. కళ కోసం ఎండలో నడిచినవాళ్ళ జాబితాలో ఆ రోజుతో ఆయన కూడా చేరాడు.

ఇంట్లో భార్యను కూర్చోబెట్టి చూశాడు. ఆవిడ రెండు సార్లు కూర్చుని, తన గడ్డం కింద గడ్డం ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి, జవాబు వినకుండానే రాజీనామా ఇచ్చింది.

బొగ్గు దాటి కుంచె దాకా వచ్చాక కూడా ఆయన కష్టాలు తీరలేదు. తెలుపులో ఎన్ని తెలుపులుంటాయో తనకి తెలుసనీ, ఎవరి నోట్లో ఏ తెలుపు అమరుతుందో గుమ్మంలో చూసే చెప్పగలననీ ఆయన తరగతిలో చాలాసార్లు చెప్పుకున్నాడు. రంగుల్లోకి దిగితే తన సత్తా తెలుస్తుందన్నది ఆయన లెక్క. మేడమ్ పాత పద్ధతి మనిషి. ముందు బొగ్గు గీత, దాని మీద పల్చటి గోధుమ పూత, ఆ పైన ముఖమంతా బూడిద రంగులో పూర్తిచేయాలి. అది ఆరాకే అసలు రంగులు, అవి కూడా గాజు పొరల్లా ఒకదాని మీద ఒకటి. బూడిద రంగు ముఖాన్ని ఆవిడ శవం దశ అనేది. శవాన్ని సరిగ్గా గీయలేనివాడు దానికి ప్రాణం పోయలేడని ఆవిడ వాదన. ఇక పళ్ళు ఎప్పుడు గీస్తామని పళ్ళాయన ఉండబట్టలేక అడిగిన రోజున ఆవిడ ఇంకో తీర్పు చెప్పింది. ఈ పద్ధతి చిత్రాల్లో మనుషులు నోరు మూసుకునే ఉంటారట. గంటల తరబడి పళ్ళు ఇకిలించి కూర్చునే మనిషి ఉండడట. ఉంటే వాణ్ని గీయకూడదట. పాపం, ఆయనకి ఈ లోకంలో బాగా తెలిసిన విషయం ఒక్కటే, దాన్ని కాస్తా పెదవుల వెనక పెట్టి తలుపేసేశారు.

అలా చాలాకాలం గడిచాక అత్తగారి పుట్టినరోజు పెద్ద ఎత్తున చేయాలని బావమరిది నిశ్చయించాడు. ఆయన కాంట్రాక్టరు, పెద్ద ఎత్తున తప్ప ఇంకో ఎత్తున ఏదీ చేయలేడు. తల్లి పటం కూడా ఆ కోటు బొత్తాల చిత్రకారుడి చేతనే గీయించి తండ్రి పక్కన పెడదామనుకున్నాడు. అత్తగారు వద్దంది. గీస్తే అల్లుడే గీయాలంది. ఈ కబురు మోసుకొచ్చిన భార్య, "మా అమ్మకి మీ మీద అంత నమ్మకముందని నాకే తెలీదు" అంది. పళ్ళాయనకి అసలే తెలీదు.

ఎందుకంటే అత్తగారు ఆయనతో మాట్లాడి ఏళ్ళయింది. పెళ్ళైన కొత్తలో ఆవిడ మాటల పుట్ట. వయసు మీద పడి పళ్ళన్నీ పోయాక, పళ్ళాయనే స్వయంగా సెట్టు చేసి ఇచ్చాడు. అందరిలా అచ్చు చూసి ఊరుకోలేదు. సొంత అత్తగారు కదా అని పళ్ళు ఒక పిసరు ఎత్తుగా కట్టాడు. దాంతో లోపలికి పోయిన బుగ్గలు పొంగి, ముడతలు సర్దుకుని, ఆవిడ కూతురికి అక్కలా తయారైంది. చుట్టాలంతా ఆహా ఓహో అన్నారు. ఆ రోజు నుంచీ ఆవిడ అల్లుణ్ని పన్నెత్తి పలకరిస్తే ఒట్టు. ఎదురుపడితే తల ఊపేది, తప్పదనుకుంటే ఊఁ అనేది. పళ్ళొచ్చాక పొగరొచ్చిందని ఆయన ఖాయం చేసుకున్నాడు. ఉపకారానికి దక్కే ఫలితం ఇంతేనని భార్య దగ్గర అప్పుడప్పుడూ తత్త్వం కూడా చెప్పేవాడు.

అయినా తన ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ వేసి, వెలుతురు ఒక పక్క నుంచే పడేలా తెర సర్దాడు. బావమరిది కారు ఆవిడను వారానికోసారి దింపి వెళ్ళేది. ఆవిడ బూడిద రంగు శాలువా కప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, రాయిలా కూర్చునేది. అంత బాగా కూర్చునే మనిషి దొరకడం అదృష్టమని, సంగతి విన్న మేడమ్ అంది. శవం దశ పూర్తయిన రోజున అత్తగారు లేచి వచ్చి, కాన్వాసు మీద నల్లగా తెల్లగా ఉన్న తన ముఖాన్ని తేరిపార చూసుకుంది. చేయి నోటికి అడ్డం పెట్టుకుని, "నేనెప్పుడు పోయాను?" అంది. ఆ ఏడాది అల్లుడితో ఆవిడ పలికిన పెద్ద వాక్యం అదే.

రంగులు మొదలయ్యాయి. నుదురు కుదిరింది. కళ్ళు కుదిరాయి. ఒక కనురెప్ప మరో కనురెప్ప కన్నా కాస్త వాలి ఉండటం దాకా పట్టుకున్నాడు. నోరు మాత్రం కుదరలేదు. గీయడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ గీయడం. తుడిచి తుడిచి అక్కడ కాన్వాసు నేత బయటపడింది. చివరికి దాన్ని పాత దుప్పటిలో చుట్టి మేడమ్ దగ్గరికి పట్టుకుపోయాడు.

ఆవిడ దూరం నుంచి చూసింది, దగ్గర నుంచి చూసింది. "కళ్ళు ఒకరివి. నోరు ఇంకొకరిది. తెచ్చి అతికించినట్టుంది. ఎవరిదయ్యా ఇది?"

పళ్ళాయన ఒళ్ళు మండిపోయింది. కనిపించిందే గీశాను కదా, అని దారంతా గొణుక్కున్నాడు. ఇంటికొచ్చి బొమ్మను గోడకి ఆనించి మళ్ళీ చూశాడు. ఆ మూతిని ఎక్కడో చూసినట్టే ఉంది. కాసేపటికి తెలిసింది. పళ్ళ కొలతకి పొంగిన ఆ పై పెదవి, ఎప్పుడూ ఏదో మాట ఆపుకుంటున్నట్టు బిగిసిన ఆ మూలలు, ఊళ్ళో తన పళ్ళు పెట్టుకున్న పెద్దమనుషులందరికీ కాస్త హెచ్చుతగ్గుల్లో ఉన్నాయి. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. తనకి తాను కూడా గట్టిగా చెప్పుకోలేదు.

తర్వాత వారం అత్తగారు వచ్చి కూర్చుంది. కాసేపటికి ఆవిడ దవడ సన్నగా అదరడం మొదలైంది. ఇంతలో ఆవిడ శాలువా పక్కకి జరిపి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి, పైదీ కిందిదీ లాగి, కిటికీ గట్టు మీద పెట్టేసింది. బుగ్గలు లోపలికి వాలిపోయాయి. పెదవులు ముడుచుకున్నాయి. గడ్డం ముక్కు దగ్గరికి ప్రయాణం కట్టింది.

"ఇక నా వల్ల కాదు నాయనా" అంది.

పళ్ళాయన రెండు విషయాలకి నిర్ఘాంతపోయాడు. ఒకటి, నాయనా అనడం. రెండు, పళ్ళు తీశాక మాట ఇంత స్పష్టంగా రావడం.

"నొప్పా అత్తయ్యా?"

"నొప్పి మొదట్లో ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది. మాట్లాడితేనే చావు. టకటకా కొట్టుకుంటాయి. అందుకే నువ్వున్న చోటా, నలుగురున్న చోటా నోరు మూసుకుని కూర్చుంటా. అంతా అటు వెళ్ళగానే తీసి డబ్బాలో పెట్టేస్తా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"ఎలా చెప్పను? మా అల్లుడు సొంత చేత్తో చేశాడని కనిపించినవాళ్ళందరికీ చూపించుకుంటిని. నువ్వు మాత్రం ఏమడిగావు? ఎలా ఉన్నాయి అన్నావు. బాగున్నాయి అన్నాను. చూడ్డానికి బాగానే ఉన్నాయిగా."

పంటి బిగువున భరించడమంటే ఏమిటో ఆయనకి అప్పటిదాకా మాటగానే తెలుసు. ఇంతకాలం అత్తగారి పొగరు మీద తను చెప్పిన తత్త్వమంతా కిటికీ గట్టు మీద, గులాబీ రంగు చిగుళ్ళతో సహా, ఆయన వంక చూసి నవ్వుతోంది.

ఆవిడ శాలువా సర్దుకుంది. "ఇలాగే గీయి" అంది.

ఇలాగా, అందరూ ఏమంటారు, అని ఆయన నసిగాడు.

"మీ మామయ్య పటం చూసి అందరూ బాగుందనే అన్నారు. నువ్వొక్కడివే ఆ దవడ ఆయనది కాదన్నావు. నాకూ అలాగే అనిపించింది. నోట్లో ఇవి పెట్టుకుని ఏం మాట్లాడను? అప్పుడే అనుకున్నా, నన్ను గీస్తే వీడే గీయాలని."

ఆయన గుడ్డ తీసుకుని నోటితో పాటు బుగ్గలు, గడ్డం కూడా తుడిచేశాడు. కళ్ళు సగం మూసి చూశాడు. ఆ ముఖంలో పళ్ళు లేవు కాబట్టి ఆయనకి తెలిసిందంటూ ఏమీ లేదు. వెలుగు ఆగిన చోటు ఉంది, నీడ మొదలైన చోటు ఉంది. వాటినే గీస్తూ పోయాడు. పని మునుపెన్నడూ లేనంత తేలిగ్గా నడిచిందని చెప్పొచ్చు, ఒక్క చిక్కు తప్ప. అత్తగారు ఆగకుండా మాట్లాడేది. ఏళ్ళ తరబడి దాచిన మాటలన్నీ బయటికి తీసింది. కొడుకు కట్టే ఇళ్ళ గోడల సంగతి, కూతురి కోపాల సంగతి, మామగారు పాడతానని బయల్దేరితే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్న సంగతి. పెదవి గీత వేస్తున్న కీలకమైన ఘడియలో పళ్ళాయన, "ఒక్క నిమిషం నోరు మూసుకోండి అత్తయ్యా" అనేసి, అన్నదేమిటో అర్థమై నాలుక కరుచుకున్నాడు. ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వు తగ్గేదాకా ఇంకో అరగంట పని ఆగిపోయింది.

బొమ్మ పూర్తయ్యాక మేడమ్ చూసి, "నోరొచ్చింది" అంది. పళ్ళాయన ముఖం విప్పారబోతుంటే, ముక్కు మాత్రం ఇంకా అబద్ధమాడుతోందని కలిపింది.

పుట్టినరోజున పటం మీది గుడ్డ తీశారు. అచ్చం ఆవిడే, అని ఒక్కరి నోటా రాలేదు. అచ్చం ఆవిడే కావడంతో వచ్చిన ఇబ్బంది అది. చుట్టాలు పెదవి చప్పరించారు, దగ్గారు, ఫ్రేము బాగుందన్నారు. బావమరిది ముఖం మాడిపోయింది.

"ఊరందరికీ పళ్ళు పెడతారు కదా బావగారూ. మా అమ్మకి పెట్టడానికే చేయి రాలేదా?"

అందరూ పళ్ళాయన వంక చూశారు. ఆయనేమో భార్య వంక చూశాడు. భార్య ఈసారి నవ్వలేదు. పటం వంకే చూస్తోంది, తడి కళ్ళతో. జవాబు చెప్పింది అత్తగారు. ఆవిడ ఆ వేళ పళ్ళు పెట్టుకోలేదు.

"నా మూతి ఎలా ఉంటుందో నాకు తెలుసురా. రోజూ అద్దంలో చూస్తున్నా. మీకే కొత్త. భోజనాలు చల్లారిపోతున్నాయి, పదండి."

భోజనాల దగ్గర కూడా ఆవిడ ఆపలేదు. ఎవరి బాగోగులు వాళ్ళకి ముఖం మీదే చెప్పుకుంటూ పోయింది. మూగదనుకుని ఆవిడ ఎదుట ఇన్నాళ్ళూ అన్ని మాటలూ మాట్లాడిన చుట్టాలు పెరుగు దాకా ఆగకుండా చేతులు కడుక్కున్నారు. హాల్లో జాగా లేదని బావమరిది ఆ పటాన్ని వరండాలో, తలుపు తీస్తే వెనక్కి పోయే చోట తగిలించాడు. ఆ తలుపును మాత్రం అత్తగారు అప్పట్నుంచీ ఎప్పుడూ వేసే ఉంచుతోంది.

చిగుళ్ళు కాలక్రమాన కుంచించుకుపోతాయనీ, పాత సెట్టు వదులవడంలో తన పొరపాటేమీ లేదనీ పళ్ళాయన భార్యకి సవివరంగా బోధించాడు. ఆవిడ పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టింది. బోధన ముగిశాక ఆయన పనిగదిలోకి వెళ్ళి కొత్త సెట్టు మొదలుపెట్టాడు. ఈసారి అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మైనంలో పళ్ళు పేర్చి నోట్లో పెట్టి, మాట్లాడమన్నాడు. మాట తడబడ్డ చోటల్లా తీసి గీకాడు. మళ్ళీ మాట్లాడమన్నాడు. ఆవిడకి అంతకన్నా ఇష్టమైన వైద్యం లేదు. పళ్ళ ఎత్తు తగ్గింది, బుగ్గల పొంగు పోయింది, ముడతలన్నీ వేటి స్థానాల్లోకి అవి తిరిగొచ్చాయి. ఆవిడ కూతురికి అక్కలా కాక మళ్ళీ తల్లిలా అయింది. తయారైన సెట్టు పెట్టుకున్న వెంటనే కొడుక్కి ఫోన్ చేసి, ఏ కారణమూ లేకుండా అరగంట చీవాట్లు పెట్టింది. ఒక్క టక్కు కూడా వినబడలేదు. పళ్ళాయన తలుపు అవతల నిలబడి ఆసాంతం విన్నాడు.

ఆయన ఇప్పటికీ టైర్ల దుకాణం మేడ ఎక్కుతూనే ఉన్నాడు. నోరు కుదరడం గుడ్డిదెబ్బ అని మేడమ్ తేల్చి, ఆయన్ని చేతుల మీదికి మళ్ళించింది. వేళ్ళు గీయడం ముఖానికి తాత లాంటి పనట. కూర్చోవడానికి మనిషి దొరకలేదని ఆయన అన్నాడో లేదో, అత్తగారు శాలువా కప్పుకుని కారు దిగింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పళ్ళాయన బొగ్గుపుల్ల తీసి, కళ్ళు సగం మూసి, మొదటి గీత గీశాడు. ఆవిడకి అప్పుడే పక్కింటివాళ్ళ సంగతొకటి గుర్తొచ్చింది. చేతులు ఊపకుండా చెప్పగలిగే సంగతి కాదది.